ఫలం లేని పుణ్యం: గాల్దోస్ నవలలు, వాటి తెర రూపాలు

క్రీస్తు బోధను అక్షరాలా ఆచరణలో పెట్టిన మనిషి వల్ల చుట్టూ ఉన్నవారికి మేలు జరగకపోగా కీడే జరిగితే, ఆ మనిషిని పుణ్యాత్ముడు అనవచ్చునా అన్న ప్రశ్న క్రైస్తవ నీతిచింతనకు కొత్తది కాదు. కానీ ఆ ప్రశ్నను స్పానిష్ నవలాకారుడు బెనీతో పేరెస్ గాల్దోస్ పరీక్షకు పెట్టినంత నిర్మొహమాటంగా పెట్టినవారు తక్కువ. 1895లో ఆయన రాసిన ‘నసరీన్’ నవలను అరవై నాలుగేళ్ల తర్వాత లూయిస్ బున్యుయెల్ మెక్సికోలో చలనచిత్రంగా విడుదల చేసినప్పుడు, కథలోని ఊళ్లూ కాలమూ మారడమే కాక, ఆ ప్రశ్న అడిగే చోటు కూడా మారింది. నవల ఆ ప్రశ్నను నసరీన్ అంతరంగంలో అడిగింది. చిత్రం దాన్ని అతడి చేతుల మీదికీ, అతడిని చూస్తున్న వారి కళ్ల మీదికీ తెచ్చింది. ఈ మార్పును నవలకు జరిగిన ద్రోహంగా చూసినవారున్నారు, దిద్దుబాటుగా మెచ్చినవారున్నారు. నిజానికి అది ఒక తాత్త్విక వాదానికి కొనసాగింపు, ఆ వాదంలో గాల్దోస్ తన వంతు మాట 1897లోనే మరో నవలలో చెప్పి ఉంచాడు.

గాల్దోస్ 1843లో కానరీ దీవుల్లోని లాస్ పాల్మాస్‌లో పుట్టి, యౌవనంలో మాడ్రిడ్ చేరి, 1920లో చనిపోయేదాకా ఆ నగరపు ఇరుకు సందులనూ సత్రాలనూ చర్చి మెట్ల మీది బిచ్చగాళ్లనూ రాస్తూ గడిపాడు. మతాధికారుల పెత్తనాన్ని తీవ్రంగా ఎదిరించిన రచయితగా స్పెయిన్‌లో ఆయనకు పేరు. 1901లో ఆయన నాటకం ‘ఎలెక్త్రా’ మాడ్రిడ్‌లో ప్రదర్శితమైనప్పుడు చర్చి వ్యతిరేకులు దాన్ని తమ జెండాగా ఎత్తి పట్టుకున్నారు. అటువంటి రచయిత ఒక మతగురువును కథానాయకుడిగా తీసుకొని, అతడిని కపటిగానో మూర్ఖుడిగానో కాక సువార్తలను నమ్మి నడుచుకునే నిజాయితీపరుడిగా చిత్రించడం గమనించదగ్గది. సంస్థ మీద ఆయనకున్న కోపం క్రీస్తు మీదికి ఎన్నడూ పాకలేదు.

నసరీన్ లా మాంచా ప్రాంతంలో పుట్టిన పేద గురువు. మాడ్రిడ్‌లో చాన్‌ఫాయినా అనే ఆవిడ నడిపే బీద సత్రంలో ఉంటాడు. ఉన్న నాలుగు బట్టలూ దొంగలు ఎత్తుకుపోయినా అతడికి బాధ లేదు, ఎందుకంటే లోకంలోని వస్తువు ఏదైనా ఎవరికి ముందు అవసరమైతే వారిదేనని అతడి నమ్మకం. కత్తిపోటు తగిలి పారిపోయి వచ్చిన ఆందరా అనే వేశ్యను తన గదిలో దాచి, గాయాలు కడిగి కాపాడినందుకు ఫలితంగా ఆమె తన ఆనవాళ్లు చెరిపేయాలని ఆ గదికే నిప్పు పెడుతుంది. అపవాదు పడి, పూజ చేసే అధికారాన్ని పోగొట్టుకొని అతడు పల్లెదారుల్లో వట్టి కాళ్లతో బిచ్చమెత్తుతూ తిరుగుతుంటే, ఆందరాతో పాటు బెయాత్రీస్ అనే మరో స్త్రీ అతడిని సాధువుగా భావించి వెంట నడుస్తుంది. అంటువ్యాధి సోకిన ఊళ్లలో ముగ్గురూ రోగులకు సేవ చేస్తారు. చివరికి అతడిని బందీగా పట్టుకొని, ఖైదీల గుంపుతో కలిపి మాడ్రిడ్‌కు నడిపిస్తారు.

ఆ నడకలోని ఒక రాత్రి నవల మొత్తానికీ తాత్త్విక కేంద్రం. తోటి ఖైదీలు అతడిని ఎగతాళి చేసి, కొట్టి, కింద పడేసి తొక్కుతారు. నసరీన్‌కు జీవితంలో మొదటిసారి కోపం తన్నుకొస్తుంది. దాన్ని అణచుకొని వారిని క్షమిస్తున్నానంటాడు, అయితే ఆ క్షమ పక్కనే అసహ్యం కూడా నిలబడి ఉందనీ, ఆ రెంటినీ విడదీయలేకపోవడమే తన పాపమనీ వారి ఎదుటే ఒప్పుకుంటాడు. శత్రువును ప్రేమించమన్న కొండమీది ప్రసంగం, అంటే మత్తయి సువార్త 5 నుంచి 7 దాకా ఉన్న యేసు ఉపదేశం, మనిషిలో ఎంత లోతుకు దిగగలదో, ఎక్కడ ఆగిపోతుందో ఇంత సూటిగా చూపిన ఘట్టాలు నవలాసాహిత్యంలో అరుదు. క్షమించేవాడు పైన ఉంటాడు, క్షమ పొందేవాడు కింద ఉంటాడు. ఈ ఎత్తుపల్లాలు ఉన్నంతకాలం క్షమలో అసహ్యం ఏదో మూల మిగిలే ఉంటుందని గాల్దోస్ గుర్తించాడు. ఆ రాత్రి చర్చిలను దోచిన దొంగ ఒకడు మాత్రం నసరీన్ పక్షం వహిస్తాడు.

నవల ముగింపులో టైఫస్ జ్వరంతో ఆసుపత్రిలో పడి ఉన్న నసరీన్‌కు క్రీస్తు కనిపిస్తాడు. నసరీన్ తన కోసం కొంత చేశాడనీ, ఇంకా ఎంతో చేయవలసి ఉందనీ భరోసా ఇస్తాడు. అది దర్శనమా, జ్వరపు పలవరింతా అన్నది గాల్దోస్ తేల్చడు. మొదటి భాగంలోనే కథకుడు తాను చెబుతున్న ఈ మనిషి నిజంగా ఉన్నాడా, తన ఊహలోంచి పుట్టాడా అని సందేహించి పాఠకుణ్ని సిద్ధం చేసి ఉంచాడు. అయినా ఒక సంగతి మిగులుతుంది. బయట అంతా విఫలమైనా లోపల నుంచి ఒక సాక్ష్యం వినిపించింది, దాన్ని పాఠకుడు కూడా విన్నాడు. చెట్టును దాని ఫలాలను బట్టి గుర్తించాలన్న సువార్త ప్రమాణం ప్రకారం నసరీన్ ఓడిపోయినవాడే గాని, అంతరంగంలోని ఆ స్వరం అతడి పక్షాన తీర్పు చెప్పింది.

ఇక్కడ తత్త్వశాస్త్రంలో ఎప్పటి నుంచో ఉన్న రెండు పక్షాలను గుర్తు చేసుకోవలసి ఉంటుంది. జర్మన్ తాత్త్వికుడు ఇమ్మాన్యుయెల్ కాంట్ 1785 నాటి తన నీతితత్త్వ గ్రంథంలో సత్సంకల్పానికి, అంటే కర్తవ్యాన్ని కర్తవ్యమన్న కారణంగానే చేయాలనే సంకల్పానికి, ఫలితంతో నిమిత్తం లేని స్వతస్సిద్ధమైన విలువ ఉందని వాదించాడు. కార్యపు మంచిచెడ్డలు దాని పర్యవసానాన్ని బట్టే తేలతాయని ఎదుటి పక్షం చెబుతుంది. తెలుగు పాఠకుడికి ఇక్కడ భగవద్గీతలోని నిష్కామకర్మ తలపుకు రావడం సహజం, కానీ ఆ పోలిక కొంతదూరమే సాగుతుంది. గీతలో ఫలాపేక్ష విడిచిన కర్మ స్వధర్మానికి కట్టుబడి ఉంటుంది, లోకసంగ్రహాన్ని, అంటే లోకం చెదిరిపోకుండా నిలిపి ఉంచే బాధ్యతను, దృష్టిలో పెట్టుకొని సాగుతుంది. నసరీన్ ఫలాపేక్షతో పాటు ఫలం మీది చూపును కూడా విడిచిపెట్టాడు. తన చేత వల్ల ఎవరికి ఏమైందో అతడు వెనుదిరిగి చూడడు. బున్యుయెల్ సరిగ్గా ఆ లోపం మీదనే వేలు పెట్టాడు.

చిత్రానికి వెళ్లేముందు గాల్దోస్ రంగస్థల ప్రయోగాల గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే అంతరంగ సాక్ష్యాన్ని తీసివేస్తే ఏం మిగులుతుందన్న ప్రయోగం ఆయనే మొదలుపెట్టాడు. ‘సంభాషణ నవల’ అని ఆయన పిలిచిన ప్రక్రియలో కథకుడు ఉండడు, పాత్రల మాటలూ కదలికలూ మాత్రమే ఉంటాయి. అలా రాసిన ‘రియాలిదాద్’ను 1892లోనూ, ‘ఎల్ అబ్వేలో’ (తాతగారు)ను 1904లోనూ ఆయనే నాటకాలుగా మార్చాడు. ‘ఎల్ అబ్వేలో’లో చూపు మందగించిన ముసలి జమీందారు, అల్‌బ్రిత్ ప్రభువు, తన ఇద్దరు మనవరాళ్లలో ఎవరు తన వంశపు బిడ్డో, ఎవరు కోడలి అక్రమ సంబంధానికి పుట్టిందో తేల్చుకోవాలని వస్తాడు. రక్తం గొప్పదనాన్ని నమ్మిన ఆ మనిషికి చివరకు తనను విడవకుండా అంటిపెట్టుకొని చూసుకున్న పిల్లే పరాయి రక్తమని తెలుస్తుంది, అతడు ఆ పిల్లనే తనదిగా ఎంచుకుంటాడు. దాగి ఉన్న సత్యం కంటే కళ్లెదుట జరిగిన ప్రేమే గొప్పదన్న ఈ తీర్పు వేదిక మీద చెప్పదగ్గ తీర్పు. ప్రేక్షకుడు చూసింది దాన్నే కాబట్టి. 1998లో హోసె లూయిస్ గార్సీ తీసిన చిత్రంలో ఫెర్నాన్ గోమెస్ ఆ ముసలి పాత్ర ధరించాడు.

బున్యుయెల్ 1900లో అరగాన్ ప్రాంతంలోని కలాందాలో పుట్టి, జెస్యూట్ గురువుల బడిలో చదివి, విశ్వాసాన్ని పూర్తిగా వదిలేసినవాడు. స్పెయిన్ అంతర్యుద్ధం తర్వాత దేశం విడిచి, 1949లో మెక్సికో పౌరసత్వం పొందాడు. హూలియో అలెహాంద్రోతో కలిసి ‘నసరీన్’ చిత్రకథను రాసి, దాన్ని పొర్ఫీరియో దియాస్ నియంతృత్వం నాటి మెక్సికోకు మార్చాడు. గాబ్రియేల్ ఫిగెరోవా ఛాయాగ్రహణం, ఫ్రాన్సిస్కో రబాల్ నటన ఉన్న ఈ చిత్రానికి 1959 కాన్ చలనచిత్రోత్సవంలో అంతర్జాతీయ బహుమతి వచ్చింది.

నవలలో లేని రెండు ఘట్టాలను చిత్రం చేర్చింది. మొదటిదానిలో నసరీన్ రైలుమార్గం వేస్తున్న చోట ఆగి, కూలి అక్కర్లేదు, తిండి పెడితే చాలు పని చేస్తానంటాడు. అతడి మనసులో ఉన్నది నిస్వార్థమే. కానీ కూలి కోసం బతికేవారికి, ఊరికే పని చేసేవాడు తమ నోటి దగ్గరి ముద్ద లాక్కునేవాడు. వారు అతడిని బెదిరించి పంపేస్తారు. ఆ గొడవ పనివాళ్లకూ మేస్త్రీకీ మధ్య ముదురుతుంది. అతడు దారి పట్టి నడిచి వెళ్లిపోతుంటే వెనక తుపాకులు పేలిన మోత వినిపిస్తుంది. తాను రాజేసిన మంట ఎవరిని కాల్చిందో అతడికి తెలియదు, తెలుసుకోవాలన్న తలపు కూడా రాదు. దానధర్మం ఎప్పుడూ ఒక సామాజిక వ్యవస్థ మధ్యలో జరుగుతుందనీ, ఆ వ్యవస్థ న్యాయంగా లేనప్పుడు ఒకరి త్యాగం మరొకరి నెత్తిన భారంగా పడుతుందనీ ఇంత తక్కువ నిడివిలో నిరూపించిన సన్నివేశం మరొకటి చెప్పడం కష్టం.

రెండవది అంటువ్యాధి సోకిన ఊరిలో. చావుకు దగ్గరైన యువతి పక్కన కూర్చొని నసరీన్ ఆమెను పశ్చాత్తాపపడమనీ, పరలోకాన్ని తలచుకోమనీ బతిమాలుతాడు. ఆమెకు పరలోకం వద్దు, హువాన్ కావాలి. ఆ హువాన్ రాగానే గురువును బయటికి పంపించేస్తాడు, జబ్బు అంటుతుందన్న భయం లేకుండా ఆమెను ముద్దు పెట్టుకుంటాడు. ఈ సన్నివేశం వెనక మరణశయ్య మీది మనిషికీ మతగురువుకూ మధ్య మార్కీ ద సాద్ రాసిన సంవాదం ఉన్నదని విమర్శకులు గుర్తించారు. అయితే ఇందులో నాస్తికవాదం కంటే గంభీరమైన సంగతి మరొకటి ఉంది. నసరీన్ ఇవ్వదలచింది అందరికీ సమానంగా చెందే ప్రేమ. క్రైస్తవ వేదాంతంలో విశ్వాసం, నిరీక్షణలతో పాటు చెప్పే మూడవ దైవిక సద్గుణం అదే. ఆ యువతికి కావలసింది ఒకే ఒక్క మనిషి ప్రేమ. అందరినీ ప్రేమించేవాడు ఆ గదిలో ఎవరికీ చెందని పరాయివాడిగా మిగిలిపోయాడు. ఓడిపోయానని అతడే బెయాత్రీస్‌తో అంటాడు. తానూ పింతో అనే మనిషిని అలాగే ప్రేమించానని ఆమె చెబుతుంది.

చిత్రంలో బెయాత్రీస్ కళ్ల ముందు పింతో పెదవిని కొరికిన ఊహ మెరుస్తుంది. జ్వరంలో ఉన్న ఆందరాకు గోడ మీది క్రీస్తు పటం పగలబడి నవ్వుతున్నట్టు కనిపిస్తుంది. కెమెరాకు అంతరంగంలోకి వెళ్లే దారి తెలియదని అనడానికి వీల్లేదు, బున్యుయెల్ ఇద్దరు స్త్రీల లోలోపలికి దాన్ని తీసుకుపోయాడు. నసరీన్‌కు మాత్రం ఏ దర్శనమూ ఇవ్వలేదు. నవల చివర క్రీస్తు పలికిన ఓదార్పును కావాలనే తొలగించాడు. దాంతో పుణ్యాత్ముడని సాక్ష్యం చెప్పేవారు ఎవరూ లేని స్థితిలో పుణ్యాన్ని గుర్తించడం ఎలాగన్న ప్రశ్న ప్రేక్షకుడి ముందు నిలిచింది. చెరలో అతడిని కాపాడిన దొంగ ఆ ప్రశ్ననే మొరటుగా అడుగుతాడు. మంచి వైపు వెళ్లిన గురువూ, చెడు వైపు వెళ్లిన తానూ ఎవరికీ ఎందుకూ కొరగాలేదని అతడు అంటే, నసరీన్ దగ్గర జవాబు లేదు.

చివరి దృశ్యంలో నసరీన్‌ను మిగతా ఖైదీల నుంచి వేరు చేసి, ఒక్క కాపలావాడితో నడిపిస్తారు. పింతో ఒడిలోకి తిరిగి వెళ్లిపోయిన బెయాత్రీస్ అదే దారిలో బండిలో నిద్రపోతూ సాగిపోతుంది. దారి పక్కన పళ్లమ్ముకునే ఒక స్త్రీ అతడిని చూసి జాలిపడి అనాసపండు చేతికివ్వబోతుంది. అతడు వద్దంటాడు, నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కి వచ్చి తీసుకుంటాడు. కలాందాలో గుడ్ ఫ్రైడే నాడు మోగించే డప్పుల హోరు మధ్య, కన్నీళ్లతో నడిచిపోతాడు.

ఈ ముగింపును విశ్వాసులు విశ్వాసం తిరిగి రావడంగా, అవిశ్వాసులు విశ్వాసం కూలిపోవడంగా చదువుకున్నారు. కవి ఒక్తావియో పాస్ నసరీన్‌ను దోన్ కిహోతే వంశానికి చెందిన స్పానిష్ వెర్రివాడిగా గుర్తించాడు. ఈ మూడు వ్యాఖ్యానాలకూ ఆధారాలున్నాయి గాని, మూడూ ఇచ్చేవాడి మనసు మీదనే దృష్టి పెట్టాయి. అక్కడ నిజంగా జరిగినది పుచ్చుకోవడం. నసరీన్ అంతకుముందు కూడా బిచ్చమెత్తాడు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ బిచ్చం వ్రతం, అతడు ఎంచుకున్న దైన్యం. అందులో పెట్టేవారి ముఖంతో అతడికి పని లేదు. పళ్ల స్త్రీ ఇచ్చినది అతడు అడగనిది. ఆమె దృష్టిలో అతడు గురువూ కాడు, సాధువూ కాడు, దాహంతో నడుస్తున్న ఒక ఖైదీ, అంతే. దైవత్వాన్ని పక్కన పెట్టి క్రీస్తు తనను తాను రిక్తుణ్ని చేసుకున్నాడని ఫిలిప్పీయులకు రాసిన లేఖలో పౌలు చెప్పిన మాట మీద క్రైస్తవ వేదాంతంలో ఆత్మరిక్తత అనే సిద్ధాంతమే నిలబడింది. ఇంతకాలం ఆస్తినీ పరువునూ గురుపదవినీ వదులుకుంటూ వచ్చిన నసరీన్ వదులుకోనిది ఒక్కటే, ఇచ్చేవాడినన్న స్థానం. చెరలో క్షమతో పాటు అసహ్యం వచ్చి నిలబడ్డది ఆ స్థానం వల్లనే. పండు తీసుకోవడంతో అదీ పోయింది.

1961లో బున్యుయెల్ స్పెయిన్‌కు తిరిగి వచ్చి తీసిన ‘విరిదియానా’ మీద ‘నసరీన్’కు కొనసాగింపుగా గాల్దోస్ రాసిన ‘అల్మా’ నవల నీడ ఉంది. కాన్‌లో దానికి అత్యున్నత బహుమతి దక్కిన వెంటనే వాటికన్ పత్రిక దాన్ని తీవ్రంగా ఖండించింది, ఫ్రాంకో ప్రభుత్వం నిషేధించింది. 1977 దాకా స్పెయిన్‌లో అది ప్రదర్శితం కాలేదు. బిచ్చగాళ్లు క్రీస్తు కడరాత్రి భోజనం భంగిమలో కూర్చున్న దృశ్యం గురించే అందరూ మాట్లాడారు గాని, ఈ చర్చకు అంతకన్నా ముఖ్యమైనది ఒక చిన్న ఘట్టం. బండి ఇరుసుకు కట్టేసిన కుక్క పరుగెత్తలేక పరుగెత్తుతుంటే చూడలేక హోర్హే అనే యువకుడు దాన్ని కొని విడిపిస్తాడు, అతడి వెనకే మరో బండి మరో కుక్కను కట్టుకొని ఎదురు దిశలో పోతుంది. ఒక్క ప్రాణిని కాపాడి ఏం లాభమని ఈ దృశ్యం అడుగుతున్నదని సాధారణంగా చెబుతారు. ఆ వ్యాఖ్యానం సగమే నిజం. రెండో కుక్క ఉన్నంత మాత్రాన మొదటి కుక్క మెడకు ఊపిరి ఆడటం అబద్ధం కాదు.

గాల్దోస్ 1897 నాటి నవల ‘మిసెరికోర్దియా’ (కరుణ) ఈ చర్చలో అత్యున్నతమైన రచన అని చెప్పడానికి సందేహించనక్కరలేదు. బెనీనా అనే ముసలి పనిమనిషి, చితికిపోయిన తన యజమానురాలు దోన్యా పాకా పస్తుండకూడదని సాన్ సెబాస్తియాన్ చర్చి వాకిట రహస్యంగా బిచ్చమెత్తి ఇంటికి తెస్తుంది. ఆ డబ్బు దోన్ రొమువాల్దో అనే గురువు ఇంట్లో వంట చేసి సంపాదిస్తున్నానని, లేని మనిషిని సృష్టించి, అబద్ధమాడుతుంది. నసరీన్ ఎన్నడూ అబద్ధమాడలేదు. బెనీనా రోజూ ఆడుతుంది, ఎందుకంటే పుచ్చుకునేవారి మానం దక్కాలంటే ఇచ్చేవారు కనపడకూడదని ఆమెకు తెలుసు. ఆమె తాను ఇచ్చేదాన్నన్న స్థానంలో ఒక్క రోజూ కూర్చోలేదు, పనిమనిషిగానే మిగిలింది. పదీ పరకా లెక్కపెట్టుకొని, ఎవరి కడుపుకు ఎంత కావాలో చూసుకొని ఖర్చు పెట్టింది. ఫలం మీద చూపు నిలిపి, ఫలం మీద హక్కు అడగని మనిషి ఆమె.

తర్వాత ఆశ్చర్యకరంగా నిజమైన దోన్ రొమువాల్దో ఒకడు వారసత్వపు ఆస్తి కబురు మోసుకొచ్చి ఆ ఇంటి తలుపు తడతాడు. ఆస్తి వచ్చాక ఆ కుటుంబం బెనీనాను గడప తొక్కనివ్వదు. ఆమె అల్ముదేనా అనే గుడ్డి మొరాకో బిచ్చగాణ్ని, చర్మవ్యాధితో ఉన్నవాణ్ని, వెంటబెట్టుకొని ఊరి చివర బతుకుతుంది. ఆమెను గెంటేయించిన దోన్యా పాకా కోడలు హూలియానా చివరికి తన పిల్లలకు ఏమవుతుందోనన్న భయం పట్టి పీడిస్తుంటే ఆమె దగ్గరికే వస్తుంది. ఏమీ కాదని బెనీనా ధైర్యం చెప్పి, వ్యభిచారంలో పట్టుబడ్డ స్త్రీతో యేసు పలికిన మాటనే పలికి పంపిస్తుంది. ఆమె క్షమలో అసహ్యపు జాడ లేదు. నసరీన్ విడదీయలేకపోయిన రెంటినీ ఆమె విడదీసింది. ఈ నవలను 1972లో అల్ఫ్రెడో మాన్యాస్ నాటకంగా మార్చగా మాడ్రిడ్‌లోని మరియా గెర్రెరో రంగశాలలో ప్రదర్శించారు.

బున్యుయెల్ తన చిత్రంలో వేసిన ప్రశ్నకు ఇంతకంటే నిండైన సమాధానం ఆ చిత్రం రాకముందే గాల్దోస్ చేతిమీదుగా వచ్చేసింది. ఆ సంగతి ‘నసరీన్’ చిత్రం మాత్రమే చూసినవారికి తెలిసే అవకాశం లేదు, కనుకనే వారిలో చాలామంది పుణ్యం వ్యర్థమన్న తీర్పుతో లేచి వెళ్లిపోతారు. ఆ చిత్రం చూసిన ప్రతి ప్రేక్షకుడూ ‘మిసెరికోర్దియా’ కూడా చదవాలి, చదివాకనే నసరీన్ మీద తీర్పు చెప్పాలి.